పడడం తెలిసిన మనిషి

పాపకి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు, ఇంటికొచ్చే దారిలో పాల కోసం ఒక సూపర్ మార్కెట్ దగ్గర ఆగాం. పాపని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ వెళ్తున్నాను. గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. పాల అర దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. ఏ హాస్పిటల్లో చూపిస్తున్నారని అడిగింది. పాప కోసం ప్రార్థన చేస్తానంది. గుండు చూసి ఆవిడ పాపకి ఏ జబ్బుందనుకుందో కారెక్కాక గానీ నాకు తట్టలేదు. తట్టాక ఇల్లు చేరేదాకా పాప అరికాలు పట్టుకునే కూర్చున్నాను.

"ఆవిడ మంచికే అంది కదా," అన్నారు మావారు అద్దంలో వెనక్కి చూస్తూ.

మావారి లెక్కలో అందరూ మంచికే అంటారు.

అరోరా అనే ఊళ్ళో అప్పుడు మేమున్నది మూడంతస్తుల చెక్క భవనాల వరసలో, కింది అంతస్తులో. నడవాకి ఇటు మా తలుపు, అటు ఇంకొకరి తలుపు. ఆ ఎదురింటాయనని చూస్తే నాకు భయం. తలుపులోంచి పక్కకి తిరిగి లోపలికి దూరేవాడు. మంచు పడుతున్నా నిక్కరే. రెండు మోకాళ్ళకీ ఇనప కడ్డీలున్న నల్లటి పట్టీలు. ఆయన నడుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు చిన్నగా మోగేవి. పాప పుట్టాక నేను భయపడని వస్తువు లేదు. ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడుతుందని భయం, పుస్తకాల అర మీద పడుతుందని భయం, నిద్రలో ఊపిరి ఆగుతుందని భయం. ఆ జాబితాలో ఆయన కూడా ఉన్నాడు. ఆయన కనిపిస్తే పాపని చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఆ రోజు ఆయన మెట్ల పక్క గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తప్పించుకునే వీల్లేదు. పాప గుండు కేసి చాలాసేపు చూసి, గంభీరంగా అడిగాడు: "అప్పుడే రిటైర్ అయిందా?"

నాకు అర్థం కాలేదు. ఇంకో ప్రార్థనేమో అనుకున్నాను.

"మా దగ్గర రిటైరైనప్పుడే జుట్టు తీస్తారు," అన్నాడు. "నేను సుమో ఆడేవాణ్ణి. జపాన్‌లో. వృత్తిగా." తర్వాత పాప వైపు వంగి, "చెప్పు అంకుల్‌కి, ఎవరు వేశారు మొదటి కత్తెర?" అన్నాడు.

అంకుల్ అనే మాట ఆయనకి నేనేం నేర్పలేదు. ఆయనది హవాయి. వాళ్ళ దీవుల్లో కూడా పిల్లలు ప్రతి పెద్దవాళ్ళనీ అంకుల్, ఆంటీ అనే అంటారట. ఆ ఒక్క మాటతో నా భుజాలు కాస్త కిందికి దిగాయి.

మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలనీ, మా తమ్ముడు రాలేకపోతే మావారి ఫ్రెండ్ ఒకతను ఆ పూటకి మేనమామ అయ్యాడనీ చెప్పాను. ఆయన ప్రతి మాటకీ తలాడించాడు. వాళ్ళ పద్ధతిలో, పైకి దువ్వి కట్టిన ఆ జుట్టు ముడిని దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే వెనక నుంచి వచ్చి కొంచెం కొంచెం కత్తిరిస్తారట. ఆఖరి కత్తెర గురువుది.

"పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్ళకి ఆ తంతు పెద్ద స్టేడియంలో, మట్టి బరి మీద జరుగుతుంది. నాకు మేం అన్నం తినే గదిలో జరిగింది. జుట్టంతా పులుసు వాసన," అని నవ్వాడు. "ఒకందుకు మంచిదే అయింది. ఆ బరి మీద ఆడవాళ్ళు కాలు పెట్టకూడదు. నేను గొప్పవాణ్ణయి ఉంటే మా అమ్మ కింద కూర్చుని చూసేది. అన్నాల గది కాబట్టి కత్తెర పట్టుకుంది."

పౌడర్ రాయమని, ఎండలో తిప్పొద్దని పాపకి నాలుగు జాగ్రత్తలు చెప్పి, పక్కకి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. రిటైర్మెంట్ అన్న మాట విని సాయంత్రందాకా నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ రోజు నా పిల్లని చూసి ఏడవని మనిషి ఆయనొక్కడే.

ఆ వేసవిలో పగటిపూట ఆ భవనంలో ఇళ్ళలో మిగిలేది ఇద్దరం, ఆయనా నేనూ. ఆయన భార్య, ఆవిడదీ హవాయే, ఒక వృద్ధాశ్రమంలో నర్సు. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి వచ్చేది. మావారు ఆఫీసుకి. నా దగ్గర ఎమ్మెస్సీ పట్టా ఉంది, ఆయన దగ్గర సుమో ఆడేటప్పుడు కట్టిన ఒక పట్టు నడికట్టు ఉంది. రెండూ పెట్టెల అడుగునే ఉన్నాయి. భవనం వెనక గడ్డిలో ఆయన ఒక వెడల్పాటి చెక్క బల్ల మీద కూర్చునేవాడు. నేను పప్పన్నం గిన్నె పట్టుకుని పాప వెనక తిరిగేదాన్ని. కథ అలా ముక్కలు ముక్కలుగా విన్నాను. ఆయన ఇంగ్లిష్‌లో చెప్పినదాన్ని నాకు గుర్తున్న తెలుగులో రాస్తున్నాను.

హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడేవాడట. సుమోకి కుర్రాళ్ళని వెతికే ఒకాయన మైదానం అంచున నిలబడి చూసి, ఇంటికొచ్చి, వాళ్ళమ్మతో మాట్లాడాడు. పద్దెనిమిదేళ్ళకి టోక్యో. భాష రాదు. సుమో నేర్చుకునేవాళ్ళు గురువుగారింట్లోనే ఉంటారు. అంతా ఒకే పెద్ద గదిలో పక్కపక్కన పడుకోవాలి. తెల్లారకముందే లేచి, ఏమీ తినకుండా సాధన. పెద్దవాళ్ళకి వీపు రుద్దాలి, బట్టలు ఉతకాలి, వంట చెయ్యాలి, వాళ్ళంతా తిన్నాక మిగిలింది తినాలి. తిట్టినా కొట్టినా తల వంచి దణ్ణం పెట్టాలి.

"మా కొత్త కోడళ్ళలాగా," అన్నాను.

అదేంటో వివరించమన్నాడు. వివరించాను. చాలాసేపు నవ్వి, "మరి వాళ్ళకి పైకి వెళ్ళే దారి ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది. అత్తగారవుతారు."

బల్ల కిర్రుమనేలా నవ్వాడు.

తిండి సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. కూరలూ మాంసమూ కలిపి ఉడికించిన పులుసు, అన్నం గిన్నెల మీద గిన్నెలు. చాలంటే ఇంకో గిన్నె పెట్టేవారు. ముద్ద గొంతులో ఉండగానే ఇంకో ముద్ద. తినగానే పడుకోవాలి, ఒళ్ళు పెరగాలి కదా. "ఈ ఒళ్ళు నాది కాదు సిస్టర్, పెంచింది వాళ్ళు," అనేవాడు. అలా అంటూ నా చేతిలో గిన్నె వైపు చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది. మా పాప బరువు చార్టులో కిందెక్కడో ఉందని డాక్టర్ ప్రతిసారీ వేలు పెట్టి చూపించేది. ఆ భయం నాది, ఆయనకేం తెలుసు? ఆయనకి ఎవరూ బరువు పెరగలేదని చెప్పి ఉండరు.

సుమోలో ఆరు అంతస్తులట. పై రెండింటిలో ఉన్నవాళ్ళే మనుషుల కింద లెక్క. వాళ్ళకే జీతం, సొంత గది, పట్టు నడికట్టు, సేవ చెయ్యడానికి కింది అంతస్తుల కుర్రాళ్ళు. కింది నాలుగింటిలో ఎన్నేళ్ళున్నా తిండీ పడకా తప్ప జీతమంటూ ఉండదు. రెండు నెలలకోసారి పోటీలు. గెలుపులు ఎక్కువైతే ఒక మెట్టు పైకి, ఓటములు ఎక్కువైతే కిందికి. దెబ్బ తగిలి ఆడకపోయినా కిందికే.

"మాకూ ఉన్నాయి అంతస్తులు," అన్నాను. పైన పౌరసత్వం ఉన్నవాళ్ళు, తర్వాత గ్రీన్‌కార్డు వాళ్ళు, తర్వాత అది వస్తుందని ఎదురుచూసేవాళ్ళు, తర్వాత మావారిలాంటి కాంట్రాక్టు వాళ్ళు. "అందరికన్నా కింద డిపెండెంట్ వీసా వాళ్ళం. ఉద్యోగం చెయ్యకూడదు. మాకు ఓడిపోవడానికి కూడా పోటీలు పెట్టరు."

ఈసారి ఆయన నవ్వలేదు.

ఏడెనిమిదేళ్ళు కింది అంతస్తుల్లో నానాక ఆయన పై నుంచి రెండో అంతస్తుకి చేరాడు. అభిమానులు ఆయనకి నడుము ముందు వేలాడేలా కట్టుకునే ఒక జరీ పని బట్ట చేయించారు, దాని మీద వాళ్ళ దీవిలో పూసే పువ్వు. వాళ్ళమ్మ టీవీలో చూసి ఆ వీధి వీధంతటికీ భోజనం పెట్టిందట. బరిలోకి దిగేముందు ఉప్పు చల్లే అధికారం కూడా అప్పుడే వచ్చింది. కింది వాళ్ళకి ఉప్పు చల్లే తీరిక ఇవ్వరట, టైముండదని. ఆయన ఉప్పు చల్లింది ఏడాది కూడా కాదు. ఒక పోటీలో ఎదుటివాడు ఆయన కాలి మీద పడ్డాడు. మోకాలిలో ఏదో తెగింది. ఆగితే కిందికి పోతాడు కాబట్టి ఆగలేదు. కట్టు కట్టుకుని ఆడాడు, ఓడాడు, రెండో మోకాలు కూడా పోయింది. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలెట్టిన చోటికే వచ్చాడు. ముప్ఫైకి దగ్గరపడుతున్న మనిషి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ పక్కన మళ్ళీ చాపేసుకున్నాడు. తనకి ఒకప్పుడు సేవ చేసిన కుర్రవాడు పైకి వెళ్తే, వాడి వీపు రుద్దాడు.

"వాడు మంచివాడు. వద్దనేవాడు," అన్నాడు. "అది ఇంకా కష్టంగా ఉండేది."

ఇక్కడికొచ్చాక ఆయన చేసింది షోలు. జాతర్లలో, కంపెనీ పార్టీల్లో, కార్ల షోరూముల ముందు నడికట్టు కట్టుకుని నిలబడేవాడు. జనం వచ్చి తోస్తారు, ఆయన కదలడు. అంతే ఆట. కార్లు అమ్మేవాడికి ఆయన ఎంత లావుంటే అంత మంచిది. ఇక ఆయన మోకాళ్ళు చూసిన సర్జన్ చెప్పింది వేరు. కీళ్ళు మార్చాల్సిందే, కానీ ముందు బరువు తగ్గాలి. తగ్గకపోతే కత్తి పట్టుకోను, ఇంకొన్నేళ్ళలో కుర్చీకే పరిమితమవుతారు అన్నాడు. ఆ వేసవిలో ఆయన తింటున్నది ఆకులూ ఉడికించిన కోడీ. బరువు దిగుతోంది. శరదృతువులో ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. ఇది నాకు వాళ్ళావిడ చెప్పింది, బట్టలుతికే గదిలో, డ్రయ్యర్లు తిరుగుతుండగా.

"ఈ వేసవితో షోలు ఆఖరు," అంది. "అప్పటిదాకా నిలబడడమే, పడకూడదు. డాక్టర్ గట్టిగా చెప్పాడు, ఒక్కసారి తేడాగా పడితే ఇక మార్చడానికి ఏమీ మిగలదని. నాకు మాటిచ్చాడు, పెద్దవాళ్ళెవరి చేతా పడనని."

"మరి మా పాప?"

"మీ పాపకి మినహాయింపు," అని నవ్వింది. "అది తోస్తే వద్దన్నా పడతాడు."

అది వాళ్ళిద్దరి ఆట. రోజూ సాయంత్రం పాప గడ్డిలో పరుగెత్తుకుంటూ వెళ్ళి రెండు చేతులతో ఆయన పొట్టని తోసేది. ఆయన బల్ల అంచు నుంచి మెల్లగా జారి, భుజం మీదుగా దొర్లి, వెల్లకిలా పడి పెద్ద కేక పెట్టేవాడు. మొదటిసారి నేను కంగారుగా పరుగెత్తుకెళ్ళాను. "పడడమే మాకు మొదట నేర్పేది," అన్నాడు ఆకాశం కేసి చూస్తూనే. "గెలవడం తర్వాత. గడ్డం లోపలికి పెట్టి, గుండ్రంగా అయిపోవాలి. మోకాళ్ళకి తెలియనే తెలియకూడదు." జపాన్‌లో కూడా ఊళ్ళు తిరిగేటప్పుడు పిల్లలతో కుస్తీ పెట్టి ఓడిపోతారట. పిల్లల చేతిలో ఓడడం ఓటమి కాదు. పెద్దవాళ్ళ చేతిలో కావాలని ఓడడం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. అంత ర్యాంకు పోగొట్టుకున్నా, ఒక్క ఆట కూడా కావాలని ఇచ్చినది లేదు, అన్నీ నిజంగా పోయినవే.

పాప "మళ్ళీ, మళ్ళీ" అని గెంతేది. ఆయన లేచి కూర్చునేవాడు. మళ్ళీ పడేవాడు.

ఈ సంగతులన్నీ నేను ఇంట్లో చెప్పేదాన్ని. మావారు ఆఫీసులో చెప్పారు. మా ఎదురింట్లో నిజం సుమో ఉన్నాడని గొప్పగా చెప్పి ఉంటారు. అప్పట్లో ఆఫీసు వాళ్ళు ఎండాకాలం ఫ్యామిలీ డే పెట్టుకుంటూ, ఆటల పని మావారి మీద వేశారు. కాంట్రాక్టు పొడిగించే నెల అది. ఆ నెలలో ఏ పని చెప్పినా మావారు కాదనరు.

"ఆయన్ని పిలుద్దాం అనుకుంటున్నాం," అన్నారు అన్నం తింటూ.

"ఆయనేమన్నా సర్కస్ ఏనుగా?"

"అదేం మాట? ఆయన పనే అది కదా. బయటివాళ్ళకి చేస్తాడు, మనకి చెయ్యడా?"

ఆ 'మన'లోకి ఆయన ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. కానీ ఆయన ఒప్పుకున్నాడు. ఎలాగూ ఇదే ఆఖరి షో అవుతుందన్నాడు. "ఉప్పుందా?" అని నన్నడిగాడు. "బల్లల మీద పొట్లాల్లో ఇచ్చే ఉప్పు పిండిలా ఉంటుంది, గాల్లో కనపడదు." ఆవకాయ కోసం ఇండియన్ స్టోర్లో కొన్న కళ్ళుప్పు సంచి ఇచ్చాను. గుప్పెడు తీసి వెలుగులో పట్టుకుని చూశాడు. "ఇది రెండో అంతస్తు ఉప్పు," అన్నాడు.

ఫ్యామిలీ డే ఊరి చివర పార్కులో. చెట్ల కింద బల్లలు, బర్గర్ల పొగ, మా వాళ్ళు విడిగా తెచ్చుకున్న పులిహోర ట్రేలు. మధ్యలో నీలం రంగు మెత్తటి పరుపు. దాని పక్కన అద్దెకి తెచ్చిన దూది బొమ్మల్లాంటి దుస్తులు, మనిషి తొడుక్కుంటే సుమోలా లావుగా కనిపించేవి. వాటితోపాటు రబ్బరు టోపీలు, నల్లటి జుట్టు ముడి అచ్చు పోసినవి. ఎదురింటాయన ఒక టోపీ తీసుకుని, ఆ ముడిని వేలితో రెండుసార్లు నొక్కి, ఉన్నచోటే పెట్టేశాడు.

ఒట్టి నడికట్టుతో రాకూడదని ఆఫీసు వాళ్ళ షరతు. నిక్కరు మీద నడికట్టు, పైన కంపెనీ పేరున్న టీషర్టు. ఆయన సైజు టీషర్టు దొరక్క భుజం మీద తువ్వాలులా వేశారు. ఉప్పు చల్లాడు. కాలు పక్కకి ఎత్తి నేల మీద మోపాడు, ఒకప్పటంత ఎత్తుకి ఎత్తలేకపోయినా. చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి తోశారు. నలుగురు కలిసి తోశారు. ఆయన కదల్లేదు.

"ఏం తిన్నవన్నా, మా అత్తగారు పంపిన సున్నుండలా?" అని మావారి టీమ్ లీడ్ అరిచాడు. అతనిది కరీంనగర్, అందరికీ అన్న. "అరే తమ్మీ, గట్టిగ తొయ్యుండ్రి! కోడ్ రాయనీకె గిట్లనే ముక్కుతరు గదా!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, అర్థం కాకపోయినా. అంతవరకూ బాగానే ఉంది.

అప్పుడు డైరెక్టర్ లేచాడు. పొడుగ్గా, రోజూ పరుగెత్తే మనిషిలా ఉన్నాడు. ఆ దూది దుస్తులు తొడుక్కుంటూ తన వాళ్ళతో ఏదో పందెం కాస్తున్నాడు. అన్న చప్పున మావారి పక్కకొచ్చాడు.

"తమ్మీ, సార్ దిగుతుండు. జర పోయి ఆయనకి చెప్పు, ఒక్కసారి పడిపొమ్మను."

"పడడన్నా. మోకాళ్ళు..."

"నిజంగ పడుమంటున్ననా? ఊకె, యాక్టింగ్. పిల్లలకాడ పడ్తడని నువ్వే చెప్తివి గదా. సార్ దిల్ ఖుష్ అయితది. రెన్యువల్ కాయితం ఎవరి టేబుల్ మీదున్నదో నీకు ఎరికే."

మావారు నా వైపు చూశారు.

"వద్దండీ," అన్నాను. "ఆపరేషన్ ఉంది ఆయనకి. వాళ్ళావిడకి మాటిచ్చాడు."

"నువ్వు ప్రతిదానికీ భయపడతావు."

నిజమే, ప్రతిదానికీ భయపడతాను. కాబట్టి నా భయానికి మా ఇంట్లో విలువ లేదు. మావారు పరుపు దగ్గరికి వెళ్ళారు. నేను పాపని ఎత్తుకుని వెనకే వెళ్ళాను, కాబట్టి ఆ మాటలు నాకు వినపడ్డాయి. మావారు చెప్పాల్సింది చెప్పి, "తప్పనిసరి కాదు, మీ ఇష్టం," అన్నారు.

ఎదురింటాయన డైరెక్టర్ని చూశాడు, మావారిని చూశాడు. "నీ ర్యాంకు ఈ నెలలో తేలుతుందా?" అని అడిగాడు.

మావారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆయనకి మా అంతస్తులన్నీ వివరించింది నేనే.

"ఏం ఫర్వాలేదు," అన్నాడు. "పిల్లలకి పడతాను కదా. ఇతనూ ఆ వయసువాడిలాగే ఉన్నాడు." తర్వాత నాతో, "మా ఆవిడకి చెప్పకు సిస్టర్," అన్నాడు. ఇంకో గుప్పెడు ఉప్పు తీశాడు.

డైరెక్టర్ పరుగెత్తుకుంటూ వచ్చి గుద్దాడు. ఎదురింటాయన రెండడుగులు వెనక్కి వేసి, గడ్డం లోపలికి పెట్టి, భుజం మీదుగా దొర్లడానికి ఒరిగాడు. ఎప్పుడూ పాపకి పడినట్టే. పడడం ఆయనకి తెలుసు. ఎదుటివాడికి ఆగడం తెలియదు. ఆ దూది దుస్తుల్లో కాళ్ళు కనపడక, గెలిచిన ఊపులో, వచ్చి ఆయన కాలి మీద అడ్డంగా పడ్డాడు. నాకు శబ్దం వినిపించింది. వినిపించలేదని మావారు ఇప్పటికీ అంటారు.

కేరింతలు. డైరెక్టర్ లేచి రెండు చేతులూ పైకెత్తాడు. ఎదురింటాయన వెల్లకిలా పడి నవ్వుతున్నాడు. పళ్ళు మాత్రమే నవ్వుతున్నాయి. జనం వచ్చి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీసుకున్నారు. ఎవరో పొట్ట మీద చెయ్యి వేశారు, ఎవరో రబ్బరు టోపీ ఆయన తల మీద పెట్టారు. ఆయన లేవడం లేదు. లేవకపోవడం కూడా షోలో భాగమనుకున్నారు. "ఆస్కార్ ఇయ్యాలె ఈయనకి," అన్నాడు అన్న. నేను అరిచాను. తెలుగులో అరిచానో ఇంగ్లిష్‌లో అరిచానో గుర్తులేదు. నా చంకలో పాప "మళ్ళీ! మళ్ళీ!" అని చప్పట్లు కొడుతోంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆయన నా వైపు చూస్తూ ఒకే మాట అన్నాడు, "ఆమె డ్యూటీలో ఉంది, కంగారు పెట్టకు" అని.

వాళ్ళావిడ ఆ సాయంత్రం హాస్పిటల్ నడవాలో డ్యూటీ బట్టల్లోనే ఉంది. మావారు క్షమించమని ఏదో మొదలుపెట్టారు. ఆవిడ మావారి వైపు చూడలేదు. "నువ్వు అక్కడే ఉన్నావా?" అని నన్నడిగింది. ఉన్నానన్నాను. తలాడించి లోపలికి వెళ్ళిపోయింది. బట్టలుతికే గదిలో ఆవిడ నాతో మళ్ళీ మాట్లాడలేదు. నేను వద్దన్నానని ఆవిడకి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. చెప్పి ఏం చెయ్యను? వద్దన్నవాళ్ళకీ, వద్దనని వాళ్ళకీ ఆయన మోకాళ్ళలో తేడా ఏముంది?

శరదృతువులో ఆపరేషన్ జరగలేదు. తెగినవి అతకాలి, అతికాక నడవాలి, నడిస్తే బరువు తగ్గాలి. నడవలేక ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుంటే ఆ వేసవంతా ఆకులు తిని దింపిన బరువు తిరిగొచ్చింది. బరువు చూసి సర్జన్ తేదీ ఇవ్వనన్నాడు. షోల వాడు ఇంకెవరినో చూసుకున్నాడు. ఈ మాటలు నాకు ఆయనే చెప్పాడు, తలుపు తెరిచి పెట్టుకుని నడవాలోకి చూస్తూ. చెప్పేటప్పుడు కోపం లేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. కోపమంతా నాకు వదిలేశాడు.

మావారి కాంట్రాక్టు మాత్రం పొడిగించారు. ఆ మాట చెబుతూ అన్న మా ఇంటికి స్వీట్లు తెచ్చాడు. నేను పెట్టె తెరవలేదు. ఆ శీతాకాలం గడవకముందే ఆ ప్రాజెక్టునే మూసేశారు. మావారినీ, అన్ననీ, ఆఖరికి డైరెక్టర్నీ ఒకే వారంలో పంపేశారు. ఎవరి ర్యాంకు ఎవరి చేతిలో ఉందని అంత హడావుడి పడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్త ఉద్యోగం క్యారీ అనే ఊళ్ళో దొరికింది. సామాను లారీకి ఎక్కించే రోజు ఎదురింటాయన చక్రాల కుర్చీలో తన గుమ్మంలో ఉన్నాడు. పాపకి జుట్టు చెవులదాకా వచ్చింది. "కమ్‌బ్యాక్ ఇచ్చినట్టుందే," అన్నాడు జుట్టు చూసి. పాప పరుగెత్తుకుంటూ వెళ్ళి రెండు చేతులతో ఆయన పొట్టని తోసింది. ఆయన చక్రాల మీద చేతులు వేసి కుర్చీని కొంచెం వెనక్కి జరిపాడు. అంతకన్నా పడడం ఆయన వల్ల కాలేదు. పాప ఇంకోసారి తోసింది. మళ్ళీ కొంచెం జరిపాడు. తలుపు బద్ద తగిలి ఆగింది.

"అమ్మా, అంకుల్ పడట్లే," అంది నా వైపు తిరిగి, ఫిర్యాదుగా.

వంటింట్లో మిగిలిన కళ్ళుప్పు సంచి ఆయనకి ఇద్దామనుకుని చేతిలోకి తీసుకున్నాను. ఇచ్చి ఏమనాలో తెలియక చెత్తలో వేశాను.

ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, పాప పడుకున్నాక ఏదో వెతుకుతూ మావారి కంప్యూటర్ తెరిచాను. తెర మీద ఫోటోలు వాటంతటవే మారుతూ ఉంటాయి. పుట్టినరోజులు, సముద్రం, మంచు. మధ్యలో ఫ్యామిలీ డే. నీలం పరుపు మీద ఆయన వెల్లకిలా ఉన్నాడు, తల మీద రబ్బరు ముడి. డైరెక్టర్ చేతులు పైకున్నాయి. అంచున నేను నోరు తెరుచుకుని ఉన్నాను, నా చంకలో పాప.

ఈ ఫోటో తీసెయ్యండని మావారికి ఎన్నోసార్లు చెప్పాను. "అందులో పాప నవ్వు చూడు. అలా నవ్వింది ఇంకొకటి ఉందా మన దగ్గర?" అంటారు.

లేదు. నేనూ వెతికాను. మిగతా ఫోటోలన్నింటిలో కెమెరా కోసం నవ్వింది. ఇందులో ఆయన కోసం నవ్వుతోంది, చేతులు గాల్లోకి ఎత్తి, లేవగానే ఇంకోసారి తోద్దామని. దానికి తెలిసినంతలో, పడిన అంకుల్ లేస్తాడు.